పాలమూరు–నల్లగొండ మెరక ప్రాంతం

దక్షిణ తెలంగాణలో కృష్ణానది వెంబడి ఉన్న పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ప్రాంతం. మహబూబ్‌నగర్‌ను జనం ఇప్పటికీ పాలమూరనే పిలుస్తారు. 2016 నాటి పునర్విభజన, 2019లో నారాయణపేట ఏర్పాటు తర్వాత ఈ నేలలో ఎక్కువ భాగం ఎనిమిది జిల్లాల్లో ఉంది. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది నారాయణపేట జిల్లా తంగిడి వద్ద. భీమానది కలిసేదీ అక్కడే. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, ఆలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. దిగువన నల్లమల అడవి, ఇంకా దిగువన వాడపల్లి దగ్గర మూసీ సంగమం.

ఇంత పెద్ద నది పక్కనే ఉన్నా ఇది కరువు సీమగానే పేరుపడింది. నది లోయలో పారుతుంది, పొలాలు గ్రానైటు మెరకల మీద ఉన్నాయి. ఎర్రటి చెల్కల్లో తడి ఎక్కువ రోజులు నిలవదు. చెరువెండితే బావి, బావెండితే బోరు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఆ బోరు నీళ్లలో రాతినుంచి కరిగిన ఫ్లోరైడ్ ఉంది. అది తాగిన తరాలవారికి పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి, నడుములు వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. అసలు విరుగుడు మాత్రం గొట్టాల్లో వచ్చిన కృష్ణ నీళ్లే. అవి ఊళ్లకు చేరడానికి పట్టిన కాలం క్షమించరానిది.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వరి మాగాణాలయ్యాయి, రైసుమిల్లులు వెలిశాయి. కాలువ ఎక్కని దేవరకొండ, మునుగోడు వర్షాధారంగానే మిగిలాయి. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట వెళ్లిన కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. జూరాల ప్రాజెక్టు తర్వాత కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలతో కొంత నేల తడిసింది. 2015లో మొదలైన పాలమూరు–రంగారెడ్డి పథకం పొలాలకు ఇంకా పూర్తిగా అందలేదు. శ్రీశైలం జలాశయం నుంచి మోటార్లు లేకుండా నల్లగొండకు నీళ్లు తేవాల్సిన సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు.

సేద్యం తర్వాత చెప్పుకోవాల్సింది మగ్గం. పోచంపల్లి ఇక్కత్‌, గద్వాల, నారాయణపేట చీరలు మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమం మొదలైంది కూడా పోచంపల్లిలోనే.

చూడదగ్గ వాటిలో ముందుగా చెప్పాల్సింది ఆలంపూర్. బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు, జోగులాంబ పీఠం ఇక్కడివి. శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపూర్‌కే తెచ్చి నిలిపారు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. యాదగిరిగుట్ట, భువనగిరి కోట, పాలమూరు పిల్లలమర్రి, సాగర్ ఒడ్డున బుద్ధవనం యాత్రికులకు తెలిసినవే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉన్న సలేశ్వరం క్షేత్రానికి మాత్రం చైత్ర పౌర్ణమి జాతరకే దారి ఇస్తారు. లోయలోకి రాళ్ల మీదుగా దిగాలి. నడివేసవి కాబట్టి తాగునీళ్లు వెంట తీసుకెళ్లడం తప్పనిసరి.