బేతాళకథల సంక్షేపము: మౌనవిచారము

ప్రాచీనగ్రంథములను బాలురకు సులభము చేయుట నూతనకార్యము కాదు. పాణినిసూత్రములు దాదాపు 4,000. భట్టోజిదీక్షితులు 17వ శతాబ్దమున వానిని సిద్ధాంతకౌముదిగాఁ గూర్చెను. ఆయన శిష్యుఁడగు వరదరాజు లఘుకౌముదిని రచించెను. అందు సూత్రములు వేయింటికిఁ బైచిలుకు మాత్రమే. వైదికస్వరప్రకరణములు విడువఁబడినవి, గ్రహింపఁబడిన సూత్రములు మాత్రము మాఱలేదు. రామచంద్రపురమున నీ గ్రంథము పాఠము చెప్పుచుండఁగా నొక విద్యార్థి, బేతాళకథలకును లఘుకౌముది యున్నదా యని యడిగెను. ఆ ప్రశ్నయే యీ వ్యాసమునకు మూలము.

బేతాళకథల ప్రాచీనరూపములలో 11వ శతాబ్దమునాఁటి క్షేమేంద్రుని బృహత్కథామంజరియు, సోమదేవుని కథాసరిత్సాగరమును ముఖ్యములు. సోమదేవుని కథలో రాజు త్రివిక్రమసేనుఁడు. ఆతని నగరము మన గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. క్షాంతిశీలుఁడను భిక్షువు ప్రతిదినమును రత్నగర్భితమైన ఫలమును సమర్పించి, తుదకు శింశుపావృక్షమందలి శవమును దెమ్మని రాజును వేఁడును. శవము నావేశించిన బేతాళుఁడు దారిలోఁ గథ చెప్పి ప్రశ్న వేయును. నియమములు రెండే. ఉత్తర మెఱిఁగియుఁ బలుకకున్న శిరస్సు పగులును. పలికిన బేతాళుఁడు మరలఁ జెట్టెక్కును.

ఎఱిఁగినవానికి రెండు మార్గములును బంధములే, ఎఱుఁగనివానికే విడుదల. తండ్రి యొక కన్యను, ఆతని కుమారుఁ డా కన్య తల్లిని బెండ్లాడిరి. వారి బిడ్డల కన్యోన్యబంధుత్వ మేమి? ఈ కడపటి ప్రశ్నకు రాజు నిజముగా నుత్తర మెఱుఁగక మౌనము వహించెను. బేతాళుఁడు మెచ్చి భిక్షువు కపటమును దెలిపెను. సాష్టాంగము చేయుమని భిక్షువు కోరినపుడు, ఎట్లు చేయవలయునో నీవే చూపుమని రాజు పలికి, వాఁడు వంగఁగనే శిరస్సు ఖండించెను.

తెలుఁగున 15వ శతాబ్దమున జక్కన విక్రమార్కచరిత్రమును, కొఱవి గోపరాజు సింహాసనద్వాత్రింశికను బద్యకావ్యములుగా రచించిరి. చెన్నపురి సెంటుజార్జికోటలో 1812లో నేర్పడిన కళాశాల పండితులు రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు 1819లో విక్రమార్కునికథలను వచనమునఁ బ్రకటించిరి. ఆ కళాశాలలోఁ దెలుఁగు నేర్చువారు కంపెనీయుద్యోగులు. పద్యము తొలఁగినను సాహసకథ నిలిచినది.

1947 జూలైలో వెలువడిన చందమామ బేతాళకథలను బాలుర కింకను జేరువ చేసినది. ఆ కథ లిరువదియైదింటితో నాఁగక, పత్రిక నిలిచిపోవువఱకు దశాబ్దములు సాగినవి. చట్ర మదియే, శాప మదియే. కథలు మాత్రము నూతనములు. రాజుతోఁబాటు బాలుఁడును ధర్మసూక్ష్మమును విచారింప నేర్చెను. ఈ యుపకారము సామాన్యము కాదు.

అయినను నొక లోపము కలదు. నెలనెలయు రాజునకు మౌనభంగమే. ప్రతిప్రశ్నకు నుత్తరము సిద్ధమే. ఎఱుఁగనని యూరకుండుటయే రాజును బ్రదికించె నను మూలార్థము మఱుఁగుపడినది. లఘుకౌముది సూత్రములను విడిచెను గాని శబ్దసాధుత్వజ్ఞానమను ప్రయోజనమును విడువలేదు. ఇచ్చట నియమములు నిలిచినవి, వాని ప్రయోజనము జాఱినది.

బంధుత్వప్రశ్న బాలురకుఁ గఠినమని యాక్షేపింపవచ్చును. అట్లయిన వేఱొక యుత్తరములేని ప్రశ్నను గూర్పవచ్చును. కథకు వలసినది మౌనము గాని యా చిక్కుముడి కాదు. కావునఁ బాఠశాలలలో నీ కథలు చెప్పు నుపాధ్యాయులు వర్ణనలు విడువవచ్చును, ఇరువదియైదింటి నైదు చేయవచ్చును. ఆ యైదింటఁ గడపటిది మౌనకథ కావలయును. ఎఱుఁగని విషయమున నెఱుఁగనని యూరకుండుట శిష్యులకే కాదు, మావంటి పండితులకును నేర్వఁదగినదే.