హైదరాబాదు వీధులు: ఎవరికోసం, ఎవరి చేత?

నగర చరిత్రలు రాసేవారు సాధారణంగా కట్టడాలతో మొదలుపెట్టి కట్టడాలతోనే ముగిస్తారు. హైదరాబాదు విషయంలో ఈ అలవాటు మరీ ఎక్కువ. చార్మినారు ఎవరు కట్టించారో, ఏ సంవత్సరంలో కట్టించారో బడిపిల్లవాడు కూడా చెప్పగలడు. ఆ చార్మినారు నుంచి నాలుగు దిక్కులా పోయే వీధుల్లో నాలుగు శతాబ్దాలుగా కాపురం చేసినవారి సంగతి మాత్రం చరిత్రకారుడికి పట్టదు. వీధి అనేది తనంతట తాను ఏర్పడదు. ఏ వీధిలో ఏ చట్టం నడుస్తుందో, నీళ్లు ఎవరికి ముందు అందుతాయో, ఎవరికి ఇల్లు అద్దెకు దొరుకుతుందో, ఇవన్నీ ఆయా కాలాల్లో అధికారం చేతిలో ఉన్నవారు నిర్ణయించినవే.

చదువు కోసమూ, తరువాత ఉద్యోగం కోసమూ నేను ఈ నగరంలో నాలుగు పేటల్లో అద్దెకున్నాను: సుల్తాన్ బజారు, చాదర్‌ఘాట్, అశోక్‌నగర్, మాదాపూర్. ఒకే నగరమైనా నాలుగు చోట్లా బతుకు నాలుగు విధాలుగా నడిచింది. ఆ తేడాకు కారణాలు వెతకబోయి చరిత్రలోకి వెళ్లవలసివచ్చింది.

ముందుగా సుల్తాన్ బజారు. 1798లో నిజాము సైన్య సహకార ఒప్పందానికి లొంగిన తరువాత, బ్రిటిషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ మూసీకి ఉత్తరాన కోఠిలో రాజప్రాసాదం వంటి భవనం లేపాడు. దాని చుట్టూ రెసిడెన్సీ బజార్లు వెలిశాయి. మూసీకి అవతల నిజాము శాసనం. ఈ బజార్లలో రెసిడెంటు శాసనం. ఆ నీడలోకి సాహుకార్లు, వడ్డీ వ్యాపారులు వచ్చి చేరారు. పామర్ కంపెనీ నిజాము ప్రభుత్వానికే భారీ వడ్డీలకు అప్పులిచ్చింది ఈ నీడలో నిలబడే. 1857 జులై 17న తురేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో జనం దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదనే.

అయితే చరిత్ర ఒకే దారిన నడవదు. సామ్రాజ్యవాదం తన వ్యాపారం కోసం కాపాడుకున్న ఆ వీధులే తెలుగువారికి మరొక విధంగా అక్కరకు వచ్చాయి. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. సంస్థానంలో సభ పెట్టుకోవాలన్నా అనుమతి కావలసిన కాలంలో, గస్తీ నిషాన్ 53 వంటి ఆజ్ఞలు నోరు నొక్కిన కాలంలో, ఈ నాలుగు వీధుల్లో కొంత ఊపిరి ఆడింది. 1921లో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేసిన సభ జరిగిందీ, ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టిందీ ఈ పేటలోనే. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాము ఏలుబడిలోకి వచ్చాయి. ఎల్ల చెరిగిపోయినా, ఆ ఎల్ల మూలంగా పేరుకున్న సంపద మాత్రం అక్కడే ఉండిపోయింది. నేనున్న గల్లీలో మల్గీల యజమానులు వేరు, వాటిలో పొద్దస్తమానం నిలబడి బట్టలమ్మే పిల్లలు వేరు.

రెండవది నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మృతుల సంఖ్య 15,000 అని సాధారణంగా చెబుతారు. కోల్సావాడి వంటి తీరపు పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. వరద ఎక్కువ తక్కువలు చూడదంటారు. కాని నది ఒడ్డున, లోతట్టున ఇల్లు కట్టుకోవలసిన అగత్యం ఎవరికి ఉంటుందో విడమరచి చెప్పనక్కరలేదు. ఆ తరువాత విశ్వేశ్వరయ్య గారి సలహాపై 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించింది, రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టి రాతి కమానుల బజారు కట్టింది. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ప్లేగు పెరిగే మురికి గల్లీలను తొలగించడం తప్పా? జలాశయాలు నగరాన్ని కాపాడలేదా? కాపాడాయి. నేటికీ కాపాడుతున్నాయి. పేదవాడు మురికిలోనే ఉండాలని ఏ అభ్యుదయవాదీ కోరడు. బోర్డు కొత్త ఇళ్లు కట్టించిన మాట కూడా నిజమే. కాని ఆ ఇళ్లకు నెలనెలా అద్దె ఉన్నది. నెలజీతం ఉన్నవాడు దాన్ని చెల్లించగలడు. రోజుకూలీ మాత్రం తొలగించిన బస్తీ నుంచి మరొక బస్తీకి నడిచాడు. మురికి తొలగిపోలేదు, చోటు మారింది.

ఈ ముక్క పాత కథ అనుకోవడానికి వీలులేదు. 2024లో మూసీ సుందరీకరణ పేరిట చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ ప్రాంతాల్లో నదీగర్భంలోని ఇళ్లను సర్వే చేసి, గోడలమీద ఎర్ర అక్షరాలతో గుర్తులు వేశారు. కొన్ని కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్లకు తరలించారు. వరద ప్రమాదం నిజమైనదే. కాని ఇళ్లల్లో పాచిపని చేసే స్త్రీకి పని దొరికే ఇల్లు నడక దూరంలో ఉండాలి. తోపుడుబండివానికి మార్కెట్టు దగ్గర ఉండాలి. వారికి ఇల్లంటే నాలుగు గోడలతో పాటు ఆ దూరం కూడా. ఆ లెక్క ఏ పటంలోనూ కనిపించదు.

ఇక అశోక్‌నగర్, మాదాపూర్. ఉద్యోగ పరీక్షలకు చదివే పల్లెటూరి పిల్లలతో నిండిన అశోక్‌నగర్‌లో గది కోసం నేను తిరిగినప్పుడు, అద్దె ఎంతో చెప్పకముందే ఎదురైన ప్రశ్న "మీరేమోళ్లు?" అన్నది. నాతో వచ్చిన ముస్లిం మిత్రుడికి ఆ ప్రశ్న కూడా వేయలేదు; గది లేదన్నారు, అంతే. 'టు లెట్' బోర్డు గేటుకు వేలాడుతూనే ఉన్నది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన మాదాపూర్‌లో కులం పేరు అంత బాహాటంగా అడగరు. అక్కడ డబ్బు అడుగుతుంది. ఆ మేడలను లేపిన పాలమూరు కూలీలు మేడ పూర్తికాగానే రేకుల గుడిసెలు విప్పుకుని మరొక పునాది దగ్గరికి పోతారు. తాము కట్టిన వీధిలో వారికి చిరునామా ఉండదు.

రెసిడెంటు శాసనం, బోర్డు పటం, ఇంటివారి ప్రశ్న, భూమి ధర: కాలాన్ని బట్టి సాధనం మారింది. ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కు మాత్రం ఉండేవారి చేతికి ఇంతవరకు రాలేదు.

విద్యార్థులకూ, ఉపాధ్యాయ మిత్రులకూ నా మనవి ఒక్కటే. మీరున్న వీధి చరిత్ర రాయండి. ఆ వీధికి పేరు ఎవరు పెట్టారు, అంతకుముందు ఆ నేల ఎవరిది, నల్లా ఏ సంవత్సరంలో వచ్చింది, ఎవరు ఖాళీచేసి వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు, ముసలివారిని అడిగి రాసిపెట్టండి. రేపు పటం పట్టుకుని అధికారి వచ్చినప్పుడు, ఇక్కడ ఎవరూ లేరని అతడు అనలేకుండా చేసేది ఆ కాగితమే.