పాచికలున్నంత మాత్రమున జూదమగునా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములతో సహా రాయలసీమలో పులిజూదము పెద్దలెరిగిన ఆటయే. బండమీద గీతలు గీసి, 3 పులులు, 15 మేకలుగా గులకరాళ్లు పెట్టి ఇద్దరాడుదురు. పులి మేకమీదుగా దూకి దానిని చంపును. మేకలు పులిని కదలనీయక చుట్టుముట్టును. ఇందు పాచికలు లేవు, అదృష్టమునకు తావు లేదు. అయినను పేరు జూదము!

బల్లచుట్టు కూర్చుండి ఆడు పాత్రధారణ క్రీడలకు ఇట్టి అపవాదులు రెండు కలిగినవి: జూదమని యొకటి, మతి చెడునని మరియొకటి.

ఈ క్రీడల మూలము యుద్ధవిద్యలో నున్నది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ పటముమీద సేనలను నడుపు ఆటను ప్రకటించెను. నష్టములను పాచికలు తేల్చును; మధ్యవర్తి తీర్పు చెప్పును. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ఒక్కొక్కరు సేనకు బదులు ఒక వీరుని పాత్ర వహింతురు. వీరుడేమి చేయదలచెనో ఆటగాడు నోటితో చెప్పును; అది నెరవేరునో లేదో 20 ముఖముల పాచిక చెప్పును. వీరుని బలమును నిర్ణయించుటకు మామూలు పాచికలు మూడు వేయుదురు. పడుటకు వీలైన విధములు 216. అందు మొత్తము 18 వచ్చునది ఒక్కటే, 10 గాని 11 గాని వచ్చునవి 54. ఈ పట్టికను స్వయముగా వేసి చూచిన విద్యార్థికి సంభావ్యతా పాఠము సగము వచ్చినట్లే. జూదమునకు ప్రాణము పందెము. ఇక్కడ పందెమే లేదు. సాధారణముగా అందరును ఒకే పక్షమువారు.

ఇక రెండవ అపవాదు. కనుమనాడు అహోబిల నరసింహస్వామి పారువేటకు బయలుదేరి ఆళ్లగడ్డ పరిసర గ్రామములలో సుమారు 40 దినములు సంచరించును. తమ ఆడపడుచును పెండ్లాడిన బావ యని చెంచులు ఆ పల్లకిపై బాణములు వదలుదురు. ఇది క్రీడ కాదు, ఆచారము. కాని పాత్ర వహించినవాడు తన్ను తాను మరచునని ఇక్కడ నెవరును భయపడరు.

అమెరికాలో భయపడిరి. 1979 ఆగస్టులో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు కనబడకపోయెను. ఆవరణ క్రింది ఆవిరిగొట్టముల సొరంగములలో ఈ ఆట ఆడుచు తప్పిపోయెనేమోయని వెదకవచ్చిన డిటెక్టివు అనుమానించెను. పత్రికలు ఆ అనుమానమును దేశమంతట చాటెను. బాలుడు సజీవుడై దొరకెను. అతని బాధకు కారణములు చదువు ఒత్తిడి, ఒంటరితనము, మనోవ్యాకులత, ఆట కాదు. ఈ సంగతి తెలుపుచు ఆ డిటెక్టివే వ్రాసిన పుస్తకము 1984లో గాని రాలేదు. ఆటలో పడి మతి తప్పిన యువకుని కథతో టెలివిజన్ చిత్రము 1982లోనే వచ్చియుండెను.