పెన్న ఒడ్డున నర్సమ్మలు

మా ప్రొద్దుటూరులో సత్రం గోడ చూసినా, గుడి మెట్టు చూసినా దాతల పేర్లు చెక్కి ఉంటాయి. పసిడిపురి అనిపించుకున్న ఊరు కదా, ఇచ్చేవాళ్లకూ చెక్కేవాళ్లకూ కొదవ లేదు. జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రి బోర్డు మీద క్యాంప్‌బెల్ దొర పేరుంది. పులివెందుల ఆస్పత్రికి వై.ఎస్. రాజారెడ్డి పేరుంది. ఈ మూడు ఊళ్లలో తరాలుగా పుండ్లు కడిగి, కాన్పులు చేసి, రాత్రిళ్లు మేలుకున్న ఆడవాళ్ల పేరు మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు. మా బోటి ఊరి చరిత్రకారులకు గండికోట బురుజుల మీద ఉన్న మోజు ఆస్పత్రి వార్డు మీద లేదు. మన కైఫీయత్తులు మాన్యాలు, చెరువులు, గుళ్ల లెక్కలు చెబుతాయి. మంత్రసాని లెక్క చెప్పవు.

లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1822లోనే కడపలో కాలు పెట్టారు. జమ్మలమడుగులో వైద్యం 1890లలో కుదురుకుంది. ఆ పని మొదలుపెట్టిన డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ చిత్రమైన మనిషి. రోగులను చూస్తూనే తీరిక వేళల్లో పురుగులు పట్టి శాస్త్రవేత్తలకు పంపేవాడు. ఆయన పేరు పెట్టుకున్న పురుగులు కూడా ఉన్నాయి! తర్వాత ఆయన మైసూరు రాజ్యంలోని చిక్కబళ్లాపురం పోయి 1913లో అక్కడా ఆస్పత్రి నిలబెట్టాడు. జమ్మలమడుగు ఆస్పత్రి మాత్రం ఇక్కడే వేళ్లూనుకుంది. 1947 తర్వాత దక్షిణ ఇండియా సంఘం కిందికి వచ్చింది. జనానికి అప్పుడూ ఇప్పుడూ అది మిషనాస్పత్రే.

అప్పట్లో ఆ ఊరికి రైలు లేదు. ఆ ఊరి మీదుగా పోయే ఎర్రగుంట్ల-నంద్యాల రైలుమార్గం పూర్తయింది 2016లో. అంతవరకు దూరం నుంచి రైల్లో వచ్చినవాళ్లు ముద్దనూరులోనో ఎర్రగుంట్లలోనో దిగి, పెన్న దాటి రావలసిందే. నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఎద్దుల బండిలో వరిగడ్డి పరిచి పడుకోబెట్టి, ఏట్లో నీళ్లున్నాయో లేవో కనుక్కుని బయలుదేరేవాళ్లు. బండి దిగీ దిగగానే ఎదురయ్యేది డాక్టరు కాదు, నర్సమ్మ.

నర్సులంటే అందరికీ ఫ్లారెన్స్ నైటింగేల్ గుర్తొస్తుంది. క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకుని తిరిగిన దొరసానిగానే మనం చదువుకున్నాం. ఆమె ఏనాడూ మన దేశం రాలేదు. కానీ 1876-78 కరువులో కడప, కర్నూలు, బళ్లారి జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆమె ఊరుకోలేదు. 1878లో ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని వ్యాసం రాసి ఇంగ్లండు పెద్దలను నిలదీసింది. నీళ్లిస్తే కరువు పోతుందన్న కాటన్ దొర వాదాన్ని గట్టిగా బలపరిచింది. ఆ కాటన్ సలహాతో తవ్విన కర్నూలు-కడప కాలువ నీళ్లతోనే మా పక్క దువ్వూరు, మైదుకూరు వైపు వరి పండుతోంది. ఆకలిగొన్న ఒంటికి మందు పనిచేయదని ఆమెకు తెలుసు. మా మిషన్ నర్సమ్మలకూ తెలుసు. సీసా చేతికిస్తూ, ‘పొద్దున ఏం తింటివి?’ అని అడిగేవాళ్లు.

ఆ నీళ్ల సంగతికే వస్తే, ఈనాటి పిల్లలకు నారికురుపు తెలియదు. రాయలసీమ దిగుడుబావుల్లో జనం మోకాళ్ల లోతు దిగి నీళ్లు ముంచుకునేవాళ్లు. ఆ నీళ్లే తాగేవాళ్లు. ఏడాది తిరిగేసరికి కాలిమీద బొబ్బ లేచి పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని ఒక్కసారిగా లాగకూడదు. తెగితే లోపలే చీము పట్టి మనిషి మంచానికి అంటుకుపోతాడు. నర్సమ్మ రోజూ పుండు తడిపి, పుల్లకు చుట్టిన పురుగును ఇంకో రెండంగుళాలు తిప్పి, కదలకుండా కట్టు కట్టి పంపేది. వారాల తరబడి రోజూ అదే కాలు, అదే పుల్ల, అదే ఓపిక. పోయేటప్పుడు ‘నీళ్లు గుడ్డలో వడగట్టి తాగండి, పుండుతో బాయిలో దిగొద్దండి’ అని చెప్పేది. దేశం మొత్తానికి ఆ రోగం పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 ఫిబ్రవరిలో ప్రకటించింది. దానికి టీకా లేదు, మందూ లేదు. వడగట్టే గుడ్డ, మంచి నీళ్లు, విసుక్కోకుండా చెప్పిన మాట, వీటితోనే పోయింది.

మా వీధిలో ఒక నర్సమ్మ ఉంది. 1970ల మొదట్లో జమ్మలమడుగులో పని నేర్చుకుంది, కొన్నేళ్లు పులివెందులలో చేసింది, మిగతా సర్వీసంతా ప్రొద్దుటూరులోనే. గాజు సిరంజీలు ఉడకబెట్టడం, మొద్దుబారిన సూదిని రాయి మీద సానబట్టడం, నైట్ డ్యూటీలో గాజుగుడ్డ కత్తిరించి మడతలు పెట్టి డ్రమ్ముల్లో సర్దడం, ఇవన్నీ ఇప్పటికీ చేత్తో చేసి చూపిస్తుంది. కక్షల కాలంలో బాంబు ముక్కలు తగిలినవాళ్లు వస్తే ఏ పార్టీ అని అడిగే పని పెట్టుకోలేదట. ‘నెత్తురుకు పార్టీ యాడుంటాది’ అంటుంది.

నేను ఎక్కువ చెప్పదలచుకున్నది ఆమె రెండో డ్యూటీ గురించి. అత్తకు పక్షవాతం వచ్చి మంచాన పడింది, ఏళ్ల తరబడి. ఆస్పత్రిలో పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చి, చీర మార్చుకోకముందే అత్తను పక్కకు తిప్పేది. రెండు గంటలకొకసారి తిప్పకపోతే నడుము కింద చర్మం చితికి పుండు పడుతుంది. తను డ్యూటీలో ఉన్నప్పుడు తిప్పడానికి మొగునికీ, కొడుక్కూ నేర్పింది. దుప్పటి మీద అడ్డంగా ఇంకో దుప్పటి మడిచి వేసి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని లేపడం నేను కళ్లారా చూశాను. రాగి అంబలి పలచగా కాచి, తల ఎత్తిపట్టి, చెంచాతో ఒక్కో గుక్క మింగినాకే ఇంకోటి పోసేది. ఆ ముసలామె పోయేనాటికి ఒంటిమీద ఒక్క పుండు లేదు. మా వీధిలో అందరూ నర్సమ్మ ఇంటికి వచ్చి ఈ పని నేర్చుకుపోయినవాళ్లే.

నిజానికి మన ఆస్పత్రులు నడిచింది సగం ఇంటివాళ్ల మీదే. 1946 నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో 43 వేల మందికి ఒక నర్సు. రోగికి తోడు ఒకరు పోవలసిందే. ఆవరణలో చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి సంగటి గెలికే అవ్వ, బాలింతకు పత్యం మోసుకొచ్చే చిన్నమ్మ, వీళ్లు ఏ రిజిస్టరులోనూ లేని ఉద్యోగులు. వాళ్లను కసిరి తరిమేసిన నర్సులూ ఉన్నారు, లేరనను. కూర్చోబెట్టి పని నేర్పినవాళ్లను మాత్రం ఊళ్లు మరచిపోలేదు.

పులివెందుల వాళ్లకు ఆస్పత్రి దూరం 1973లో తగ్గింది. జమ్మలమడుగు మిషనాస్పత్రిలో కొంతకాలం డాక్టరుగా చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి సొంతూరిలో 70 పడకల ధర్మాస్పత్రి పెట్టారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఈ సంగతులు పుస్తకాలకెక్కాయి. అక్కడ తొలినాళ్లలో మంచాలు సర్ది, పడకలు పరిచి, రాత్రి కాపలా కాసిన నర్సులెవరో చెప్పే కాగితం మాత్రం నాకు దొరకలేదు.

వ్యాసంలో పేరు రాస్తానని మా వీధి నర్సమ్మను అడిగాను. ‘నా పేరెందుకులే నాయనా. జేసినోళ్లు శానామంది ఉండారు. ఒక్కదాని పేరు రాస్తే మిగతావాళ్లకు బాధ గాదా?’ అంది. ఆ మాట న్యాయమే కాబట్టి రాయలేదు. అందరి పేర్లూ దొరికితే ఆమె అభ్యంతరం తీరిపోతుంది.

అందుకే ఈ మూడు ఊళ్లవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లోనో బంధువుల్లోనో నర్సుగా, ఆయాగా, మంత్రసానిగా చేసినవాళ్లుంటే వాళ్ల దగ్గర కూర్చోండి. పేరు, సొంతూరు, ఏ యేటి నుంచి ఏ యేటిదాకా ఏ వార్డులో చేశారో నోటుబుక్కులో రాయండి. పాత ఫొటో ఉంటే వెనకాల నిలబడ్డవాళ్ల పేర్లు కూడా అడిగి తెలుసుకోండి. ఆస్పత్రుల్లో పాత హాజరు పట్టీలు ఉంటే చెదలకు వదలకండి. 1970ల మొదట్లో పని నేర్చుకున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి, రేపు చూద్దామంటే కుదరదు.