"సేమ్ సేమ్" అనే మాట వెనక కథ

ఖతార్‌లో బండి తోలేవాళ్ళకి, గ్యారేజీల్లో పనిచేసేవాళ్ళకి ఇండస్ట్రియల్ ఏరియాని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. దోహాకి నైరుతి దిక్కున, సల్వా రోడ్డు పక్కన, అంకెలతో పిలుచుకునే వీధులు. అరబ్బీ పేరుని మనవాళ్ళు "సనయ్యా" చేసుకున్నారు. అక్కడ పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే యార్డుల్లో తరచూ వినపడే మాట "సేమ్ సేమ్". అంటే, ఈ బండి సామాను మీ బండికీ సరిపోతుందని. ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎంతవరకు నమ్మొచ్చు? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

మోటారు బండ్లు వచ్చిన కొత్తలో ఇలా అనడానికే వీల్లేదు. పనివాడు ఒక్కో భాగాన్ని ఆకురాయితో రుద్ది, ఆ ఒక్క బండికి కుదిరేలా చేసేవాడు. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో ఒక పరీక్ష జరిగింది. మూడు కాడిలాక్ కార్లని పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలిపేశారు. వాటిలో కొన్ని తీసేసి స్టోరులోంచి కొత్తవి తెచ్చి వేశారు. తర్వాత పానాలు, స్క్రూడ్రైవర్లతోనే మళ్ళీ మూడు కార్లు బిగించారు. మూడూ 500 మైళ్ళు తిరిగాయి. దానికి రాయల్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ళు డ్యూవార్ ట్రోఫీ ఇచ్చారు. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, మన సనయ్యా, ఎక్కడ పాత సామాను చేతులు మారినా దానికి పునాది ఈ సూత్రమే.

అయితే అక్కడ కలిసినవి ఒకే రకం కార్లు. తర్వాత కాలంలో ఒకే పేరు కింద రకరకాల బండ్లు వచ్చాయి. గల్ఫ్‌లో అందరికీ తెలిసిన ల్యాండ్ క్రూజర్‌నే చూడండి. 80 సిరీస్ 1990లో వచ్చింది. మొదట్లో పెట్రోలు బండికి 4 లీటర్ల 3ఎఫ్ ఇంజిన్ ఉండేది. 1992లో 4.5 లీటర్ల 1ఎఫ్‌జెడ్ వచ్చింది. బాడీ చూస్తే అదే, బోనెట్ ఎత్తితే వేరు. 1998లో వచ్చిన 100 సిరీస్‌లో ముందు చక్రాలు విడివిడిగా ఆడే రకం ఒకటి, గట్టి యాక్సిల్ ఉన్న 105 అనే రకం ఇంకొకటి. బయటినుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి, కింద సామాను మాత్రం కలవదు.

రెండో చిక్కు దేశాలది. జపాన్‌లో మన ఇండియాలాగే ఎడమవైపు నడుపుతారు, ఖతార్‌లో కుడివైపు. జపాన్‌లో వాడేసిన బండి ఇంజిన్ మీకు పనికిరావచ్చు. స్టీరింగు సామాను, డ్యాష్‌బోర్డు, వైపర్ రాడ్లు కుదరవు. హెడ్‌లైటు బిగించడానికి కుదిరినా దాని వెలుగు ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది.

మూడోది కంప్యూటరు. 1990ల చివరినుంచి తాళంచెవిలో చిప్పు, ఇంజిన్‌కి కంట్రోలు బాక్సు మామూలయ్యాయి. కప్లర్ పట్టినంత మాత్రాన బండి స్టార్టవుతుందని నమ్మకం లేదు.

పాత సామాను వచ్చే దారులూ ఎప్పుడూ ఒకలా లేవు. ఈ వ్యాపారానికి షార్జా పెట్టింది పేరు. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సౌదీ రోడ్డు మూతపడింది. 2021 జనవరి దాకా ఆ దారి తెరుచుకోలేదు, కొంత సరుకు ఒమన్‌లోని సోహార్, సలాలా రేవుల మీదుగా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. దారి మూసుకున్నప్పుడు ఉన్నదాంతో సర్దుకుందాం అనిపిస్తుంది. తప్పు సామాను అంటగట్టేది అలాంటప్పుడే.

మరి దేన్ని నమ్మాలి? నంబర్లని. 1981లో అమెరికా 17 అక్షరాల ఛాసిస్ నంబరు తప్పనిసరి చేసింది, తర్వాత చాలా దేశాలు ఆ దారే పట్టాయి. జపాన్ లోపల అమ్మిన బండ్లకి మాత్రం పొట్టి నంబరే ఉంటుంది, దాంతోనే అది ఎక్కడిదో తెలిసిపోతుంది. టయోటా బండి ప్లేటు మీద మోడల్, ఇంజిన్, గేర్ బాక్సు, యాక్సిల్ కోడ్లు ఉంటాయి. ఆ ప్లేటుని ఫోనులో ఫొటో తీసుకుని యార్డుకి వెళ్ళండి. విప్పిన బండి ప్లేటు కూడా చూపించమనండి. టయోటా పార్టు నంబర్లో మొదటి అయిదు అంకెలు అది ఏ వస్తువో చెబుతాయి, తర్వాతి అయిదు ఏ రకమో చెబుతాయి. 04465 అని ఉంటే ముందు బ్రేకు ప్యాడ్లే, కానీ ఏ బండివో తేల్చేది మిగతా అయిదే. పాత భాగం పక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, షాఫ్టు పళ్ళు, కప్లర్ పిన్నులు లెక్కపెట్టండి. సరిపోకపోతే తిరిగి తీసుకుంటామని బిల్లు మీదే రాయించుకోండి. ఎయిర్‌బ్యాగులు, బ్రేకు ప్యాడ్లు మాత్రం పాతవి వద్దు.

2021 మార్చిలో ఖతార్‌లో కనీస మూల వేతనం నెలకి 1,000 రియాళ్ళుగా అమల్లోకి వచ్చింది. అంత జీతంతో బతికేవాడు సొంత డబ్బుతో తప్పు గేర్ బాక్సు కొంటే, ఆ నెల ఇంటికి డబ్బు పంపలేడు. బ్రూక్‌లాండ్స్‌లో కూడా ఎవరి మాటా నమ్మలేదు, బిగించి నడిపి చూశాకే ట్రోఫీ ఇచ్చారు. యార్డులో "సేమ్ సేమ్" అన్నప్పుడు "నంబరు చూపించు భాయ్" అని అడగండి.