సూది ఎంత దూరంలో ఉంది? పసికందుల సెప్సిస్‌పై గడ్చిరోలి చెప్పిన సాక్ష్యం

పసికందు ప్రాణం తీయడానికి, ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా ముదిరే సెప్సిస్‌కు రోజులు అక్కర్లేదు, గంటలు చాలు. పొద్దున చన్ను సరిగా పట్టని బిడ్డ సాయంత్రానికి ఏడ్చే ఓపిక కూడా లేక, ఒళ్ళు చల్లబడి వేలాడిపోవచ్చు. అందుకే ఈ జబ్బులో మందు ఎంత ముఖ్యమో, ఆ మందు ఎంత దూరంలో ఉందన్నదీ అంతే ముఖ్యం. ఈ సంగతిని నిరూపించిన పరిశోధన మనకు పొరుగునే జరిగింది. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే వచ్చే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో.

డాక్టర్లు రాణి బంగ్, అభయ్ బంగ్ 1986లో అక్కడ ‘సెర్చ్’ సంస్థను స్థాపించారు. వాళ్ళు మొదట చూసింది తల్లుల ఆరోగ్యం. రెండు గ్రామాల స్త్రీలను పరీక్షించి 1989లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది. ఆ జబ్బుల్లో సగం జననాంగాల ఇన్‌ఫెక్షన్లే. అంతకుముందు పరీక్ష, చికిత్స పొందినవారు 8 శాతమే. తెల్లబట్ట అవుతోందని ఇంట్లో చెప్పుకోలేక ఏళ్ళ తరబడి ఓర్చుకున్న స్త్రీలు వీళ్ళు. గర్భిణి జననమార్గంలోని ఇన్‌ఫెక్షన్ నెలలు నిండకముందే కాన్పు తేవచ్చు, పుట్టే బిడ్డకూ సోకవచ్చు. కాబట్టి నవజాత శిశువుల సెప్సిస్ మీద చర్చను పురిటి గదిలో మొదలుపెడితే ఆలస్యంగా మొదలుపెట్టినట్టే.

పసికందుల మీద ‘సెర్చ్’ చేసిన తర్వాతి అధ్యయనం 39 గ్రామాల్లో జరిగింది, పోలికకు మరో 47 గ్రామాలను తీసుకున్నారు. అయిదు నుంచి పది తరగతులు చదివిన ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చారు. చన్ను పట్టకపోవడం, ఏడుపు నీరసించడం, డొక్కలెగరేయడం, ఒళ్ళు చల్లబడటం, బొడ్డు దగ్గర చీము వంటి గుర్తులను బట్టి వాళ్ళు సెప్సిస్‌ను పసిగట్టేవారు. తల్లిదండ్రుల సమ్మతితో ఇంట్లోనే జెంటామైసిన్ ఇంజెక్షన్, కోట్రైమాక్సజోల్ సిరప్ అనే యాంటీబయాటిక్‌లు ఇచ్చేవారు. 1999లో వెలువడిన ఫలితాల్లో, మూడో ఏడాదికి నవజాత మరణాలు పోలిక గ్రామాలతో చూస్తే 62 శాతం తగ్గాయి. సెప్సిస్ వచ్చిన బిడ్డల్లో మరణించేవారు 16.6 శాతం నుంచి 2.8 శాతానికి దిగారు.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. సూదితోపాటు వెచ్చదనం, తల్లిపాలు, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు సాయం, అన్నీ ఒకేసారి అందాయి గనుక మొత్తం తగ్గుదలను సూదికే జమకట్టలేం. సెప్సిస్ మరణాల తేడా కూడా చికిత్సకు ముందూ తర్వాతా పోల్చి చూసినదే. అయినా ఇంత పెద్ద తేడాను యాదృచ్ఛికమని తోసిపుచ్చడం నాకు సాధ్యం కాదు.

2011లో ప్రభుత్వం ఇంటివద్ద నవజాత సంరక్షణను ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను మూడో రోజు నుంచి 42వ రోజు వరకు ఆరుసార్లు చూసిరావాలి. గుర్తుపట్టే పని ఆశాకు వచ్చింది గానీ సూది రాలేదు. 2014లో, నిర్దిష్ట పరిస్థితుల్లో జెంటామైసిన్ ఇచ్చే అనుమతి ఊళ్ళలో పనిచేసే ప్రభుత్వ నర్సులైన ఏఎన్‌ఎమ్‌లకు దక్కింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఆస్పత్రికి తీసుకెళ్ళలేని చోట సరళమైన చికిత్సకు మార్గదర్శకాలిచ్చింది.

ఈలోగా కాన్పులు ఆస్పత్రులకు మారాయి, సూక్ష్మజీవులూ మారాయి. ఢిల్లీలోని మూడు పెద్ద ఆస్పత్రుల్లో 2011–14 మధ్య జరిగిన అధ్యయనంలో, అక్కడే పుట్టి ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన శిశువుల్లో 14.3 శాతానికి సెప్సిస్ వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన ఎసినెటోబాక్టర్ బాక్టీరియా నమూనాల్లో 82 శాతం పలు మందులకు లొంగనివి. మూడింట రెండు వంతుల కేసులు మొదటి 72 గంటల్లోనే బయటపడ్డాయి. పెద్దాస్పత్రి లెక్కను పల్లెకు అలాగే అన్వయించకూడదు. కానీ ఆ వార్డుల నుంచే బిడ్డలు పల్లెకు చేరుతున్నారు.

అందువల్ల మూడో రోజు ఇంటికొచ్చే ఆశా, బిడ్డ ఎక్కడ పుట్టిందో, అక్కడ ఎన్నాళ్ళుందో, ఏ యాంటీబయాటిక్ వాడారో కూడా కార్డులో రాయాలి. గుర్తులు కనబడితే అదే పూట ఏఎన్‌ఎమ్ వచ్చి తొలి మోతాదు వేసి పంపాలి. ఆ కార్డు బిడ్డతోపాటు పెద్దాస్పత్రికి వెళ్తే, జెంటామైసిన్‌కు లొంగని సూక్ష్మజీవి ఉండొచ్చన్న అనుమానం అక్కడి డాక్టరుకు మొదటి గంటలోనే కలుగుతుంది.