దళపతి – రాజకీయ నిర్వాహకుడు: నందిగామ సరిహద్దు నుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి జీవిత పరిశీలన

చైనా విప్లవ సైన్యంలో ఒకే దళానికి ఇద్దరు బాధ్యులు కనిపిస్తారు. ఒకరు యుద్ధం నడిపే సేనాని. మరొకరు సైనికుల రాజకీయ చైతన్యానికి, ప్రజలతో వారి సంబంధానికి బాధ్యత వహించే రాజకీయ అధికారి. తుపాకి పార్టీ ఆధీనంలో ఉండాలన్న సూత్రాన్ని 1929 నాటి గుటియన్ సమావేశం స్థిరపరచింది. 129వ డివిజన్‌కు లియు బోచెంగ్ సేనానిగా, 1938 నుంచి డెంగ్ సియావోపింగ్ రాజకీయ అధికారిగా పనిచేయడం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. తెలంగాణ సాయుధ పోరాట దళాలలోనూ దళ నాయకునితో పాటు రాజకీయ నిర్వాహకుడు ఉండేవాడు. ఈ సామ్యం ఎంతవరకు నిలుస్తుందన్నది విచార్యం.

జగ్గయ్యపేట, నందిగామలు 2022 వరకు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఉండేవి. జగ్గయ్యపేట దాటి హైదరాబాదు దారి పడితే కోదాడ వస్తుంది. నాడు అది నిజాం రాజ్యం. మునగాల పరగణాకు చుట్టూ నిజాం భూభాగమే ఉన్నా, పరిపాలన రీత్యా అది నందిగామ తాలూకాలోనిది. నిజాం శాసనం అక్కడ చెల్లదు. మునగాలలో జమీందారుపై సాగిన రైతు ఉద్యమం ఇరుగుపొరుగు నల్లగొండ గ్రామాలకు పోరాట పాఠమైంది. తరువాతి కాలంలో ఈ సరిహద్దే దళాలకు ఆశ్రయంగా, ఆయుధాలకు దారిగా, ఆంధ్ర ప్రాంత కమ్యూనిస్టుల సహాయానికి వాకిలిగా ఉపకరించింది. చైనా సైన్యానికి విముక్త ప్రాంతాలు ఏ వెన్నుదన్ను ఇచ్చాయో, పరిమిత స్థాయిలో తెలంగాణకు ఈ మెట్ట సీమ ఆ వెన్నుదన్నునే ఇచ్చింది.

భీమిరెడ్డి నరసింహారెడ్డి సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో జన్మించాడు. ఆంధ్ర మహాసభ ద్వారా కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చాడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన తరువాత గెరిల్లా దళాల ప్రధాన నాయకులలో ఒకడయ్యాడు. సోదరి మల్లు స్వరాజ్యం కూడా దళ నాయకురాలే. రజాకార్లను ఎదుర్కోవడం ఆ దళాల పనిలో సగం మాత్రమే. వెట్టిని రద్దు చేయించడం, గ్రామ కమిటీలను నిలబెట్టడం, భూమి పంపకానికి రక్షణ కల్పించడం మిగిలిన సగం. సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంపిణీ అయ్యాయి. సుమారు 4,000 మంది ప్రాణాలర్పించారు. చైనాలో రెండు పదవులుగా ఉన్న బాధ్యతలను ఇక్కడ నరసింహారెడ్డి వంటివారు ఒక్కరే మోయవలసివచ్చింది.

1948లో ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం చైనా మార్గమే భారతదేశానికి అనుసరణీయమని వాదించింది. రణదివే దానిని తీవ్రంగా ఖండించాడు. 1950లో చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి కావడంతో ఆ వాదానిదే పైచేయి అయింది. కాని అప్పటికే నేల మారిపోయింది. 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి బయలుదేరిన భారత సైన్యం తొలిరోజే కోదాడ దాటి మునగాల చేరింది. దళాలను కాపాడిన దారే సైన్యానికి రాచబాటయింది. కృష్ణా జిల్లా గ్రామాలపై మలబారు ప్రత్యేక పోలీసుల దాడులతో వెనుక ఉన్న ఆశ్రయమూ చెదిరింది. పోరాటాన్ని కొనసాగించడాన్ని రావి నారాయణరెడ్డి వ్యతిరేకించాడు. ఇతరులు పంచిన భూమిని కాపాడుకోవాలన్నారు. ఇది ధైర్యాధైర్యాల వివాదం కాదు. ఆయుధం ఏ రాజకీయ లక్ష్యానికి లోబడాలన్న వివాదం. 1951 అక్టోబరులో పోరాట విరమణతో అది ముగిసింది.

విజయం సాధించిన చైనా సేనానులకు 1955లో మార్షల్, జనరల్ హోదాలు లభించాయి. నరసింహారెడ్డికి ఏ సైనిక హోదా రాలేదు. 1971, 1984, 1991 ఎన్నికలలో మిర్యాలగూడ ఓటర్లు ఆయనను లోక్‌సభకు పంపారు. గోదావరి జలాలు సూర్యాపేట మెట్టకు రావాలన్నది ఆయన చిరకాల వాదం. దళ జీవితాన్ని, చట్టసభ జీవితాన్ని వేర్వేరు అధ్యాయాలుగా చూసే అలవాటు చరిత్ర రచనలో ఉంది. భూమి కోసం పట్టిన తుపాకికి, అదే భూమికి నీటి కోసం ఎత్తిన గొంతుకు నడుమ తెగని సూత్రం ఒకటుంది. చైనా పరిభాషలో చెప్పాలంటే, నరసింహారెడ్డిలోని సేనాని పాత్ర 1951లో ముగిసింది. రాజకీయ అధికారి పాత్ర 2008లో ఆయన మరణం వరకు సాగింది.